కొత్త ఆల్బంలు నాలుగు పాటలకే చెవులు అలిసేలా చేస్తున్నాయి: తప్పు రికార్డులదా, వినే పద్ధతిదా?

బెసెంట్‌రోడ్_బేస్
2024, 2025ల్లో వచ్చిన పెద్ద పాప్, ఆల్టర్నేటివ్ ఆల్బంలు వరసపెట్టి వింటున్నా. చార్లీ ఎక్స్‌సీఎక్స్ బ్రాట్, సబ్రినా కార్పెంటర్ షార్ట్ ఎన్ స్వీట్, ఫాంటెయిన్స్ డీసీ రొమాన్స్, లేడీ గాగా మేహెమ్, ద క్యూర్ కొత్తది సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్. విడివిడిగా పాటలు బాగున్నాయి. ఆల్బం మొత్తం పెడితే మాత్రం నాలుగో పాటకే చెవులు గింగుర్లెత్తుతున్నాయి. గొంతు, డ్రమ్ము, సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు శబ్దం) అన్నీ మీదమీదకే వస్తాయి, వెనక్కి తగ్గేది ఒక్కటీ ఉండదు. 1990ల ఆల్బంలకి ఇలా లేదు. స్పాటిఫై ప్రీమియం, ఆండ్రాయిడ్ ఫోను, బ్లూటూత్ బడ్స్. ఎక్కువగా విజయవాడ–గుంటూరు బస్సులో వింటా, రాత్రిళ్లు ఇంట్లో. "ఈ కాలం పాటలన్నీ చెత్త" అనే మాట వద్దు. ఏ ఆల్బం ఎందుకలా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట_పాప్
ముందు బ్రాట్‌ని ఆ లిస్టులోంచి తీసేయండి. అది క్లబ్బులో పెద్ద స్పీకర్ల మీద మోగడానికి చేసిన రికార్డు. కిక్ డ్రమ్మూ బేసూ గొంతుని తోసుకుని ముందుకి రావాలి, గొంతు మీద ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే ఎఫెక్టు) బాహాటంగా వినపడాలి. మాస్టరింగులో, అంటే విడుదలకి ముందు గట్టిదనం ఖరారు చేసే ఆఖరి దశలో, మెత్తగా చేస్తే అందులో సగం ప్రాణం పోతుంది. పైగా 15 పాటలు, 41 నిమిషాలు. సగటున పాటకి మూడు నిమిషాలు కూడా లేవు. మధ్యలో, చనిపోయిన సంగీతకారిణి సోఫీని తలుచుకుంటూ పాడిన "సో ఐ" దగ్గర జోరంతా దించేసింది కూడా. ఊపిరి తీసుకునే చోటు లేదనడం అన్యాయం.

మంగళగిరి_మిక్స్
తీర్పు ఇచ్చేముందు ఫోన్లో ఇవి చూడండి. ఈ వరసలోనే.

స్పాటిఫైలో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటినీ దాదాపు ఒకే గట్టిదనానికి తెచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి, లెవెల్ "నార్మల్" ఉండాలి. నార్మల్ అంటే మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టిదనానికి కొలత, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి). "లౌడ్" పెడితే టార్గెట్ మైనస్ 11కి వెళ్తుంది. నెమ్మదిగా మాస్టర్ చేసిన పాటని అంత పైకి లేపడానికి యాప్ సొంతంగా లిమిటర్ (శబ్దం శిఖరాలని నొక్కేది) వేస్తుంది, పాట చదునైపోతుంది. మొత్తానికే ఆఫ్ చేస్తే ఇంకో గొడవ. 2024 పాట 1991 పాట కంటే ఆరేడు డీబీ గట్టిగా వచ్చి మీద పడుతుంది. అప్పుడు మీరు పోల్చేది పాటల్ని కాదు, వాల్యూమ్‌లని.

షఫుల్ తీసేయండి. ఆల్బంని వరసలో వింటే స్పాటిఫై ఆల్బం మొత్తానికి ఒకటే సర్దుబాటు చేస్తుంది, నెమ్మది పాట నెమ్మదిగానే ఉంటుంది. షఫుల్‌లో, ప్లేలిస్టులో అయితే ఒక్కో పాటనీ విడిగా లేపి ఒకే మట్టానికి తెస్తుంది. వెనక్కి తగ్గేది ఏదీ లేదని మీరన్నదానికి ఇదొక పెద్ద కారణం కావచ్చు.

క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాటలో కలపడం) సున్నా, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ లేకపోవడం) ఆన్. స్ట్రీమింగ్ క్వాలిటీ "వెరీ హై", అంటే 320 కేబీపీఎస్. ఫోన్ సౌండ్ సెట్టింగ్స్‌లో డాల్బీ, "3డీ", "బేస్ బూస్ట్" లాంటివన్నీ ఆఫ్. ఇవి స్టీరియో మిక్స్ మీద మళ్లీ కంప్రెషన్ (నెమ్మదికీ గట్టికీ తేడా తగ్గించడం), వెడల్పు పూస్తాయి. బడ్స్ కంపెనీ యాప్‌లో ఈక్వలైజర్ కూడా ఫ్లాట్.

ఇదంతా అయ్యాక కూడా అలిసిపోతే అప్పుడు రికార్డు తప్పు.

ఆరండల్‌పేట_ఆల్ట్
"1990ల ఆల్బంలకి ఇలా లేదు" అన్నది ఒప్పుకోను. ఒయాసిస్ మార్నింగ్ గ్లోరీ 1995, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ కాలిఫోర్నికేషన్ 1999. రెండూ గట్టిదనం కోసం విపరీతంగా నొక్కేసిన రికార్డులు. కాలిఫోర్నికేషన్‌లో క్లిప్పింగ్ (హద్దు దాటిన శబ్దం చీలడం) చెవికి తెలిసిపోతుంది. 2008లో మెటాలికా డెత్ మాగ్నెటిక్ వచ్చినప్పుడైతే గిటార్ హీరో గేములో ఉన్న ఆడియోయే సీడీ కంటే మేలని అభిమానులు దాన్ని వెతుక్కున్నారు. ఇది పాత జబ్బు. స్ట్రీమింగ్‌లో నార్మలైజేషన్ వచ్చాక గట్టిగా చేసి లాభం లేకపోయినా అలవాటు మాత్రం పోలేదు, అంతే.

గాంధీహిల్_గిటార్
@మంగళగిరి_మిక్స్ ఒక పాట ఎంత గట్టిగా మాస్టర్ చేశారో మామూలు శ్రోతకి తెలిసే దారి ఏమైనా ఉందా?

మంగళగిరి_మిక్స్
ఉంది, పైసా ఖర్చు లేదు. కంప్యూటర్లో యూట్యూబ్ తెరిచి పాట అధికారిక ఆడియో పెట్టండి. వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" నొక్కండి. అందులో "కంటెంట్ లౌడ్‌నెస్" అని డీబీల్లో కనిపిస్తుంది. ప్లస్ 6 అని ఉంటే ఆ పాట యూట్యూబ్ గీత కంటే 6 డీబీ ఎక్కువ, అంత మేర తగ్గించి వినిపిస్తోందని అర్థం. మైనస్ ఉంటే పాటని అలాగే వదిలేస్తుంది, పైకి లేపదు. మీ ఫైళ్లే కొలవాలంటే యూలీన్ లౌడ్‌నెస్ మీటర్ ఉచిత వెర్షన్ చాలు.

ఒక్క జాగ్రత్త. ఆ అంకె పెద్దదైతే పాట చెడ్డదని కాదు. తక్కువ వాయిద్యాలతో చేసిన పాటని గట్టిగా మాస్టర్ చేసినా బాగుంటుంది. మూడు పొరల గిటార్లు, రెండు పొరల సింథ్, స్ట్రింగ్స్ ఒకదాని మీద ఒకటి పేర్చి గట్టిగా చేస్తేనే బురద అవుతుంది.

కృష్ణలంక_క్యూర్
ఆ చివరి మాట నేరుగా సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్‌కే తగులుతుంది. 2008 తర్వాత 16 ఏళ్లకి 2024 నవంబరు 1న వచ్చిన ఆల్బం. 8 పాటలు, 49 నిమిషాలు. వాళ్ల గాయకుడు రాబర్ట్ స్మిత్ రాతల్లో ఇంత బరువైనది వాళ్ల పాత ఆల్బం డిసింటిగ్రేషన్ తర్వాత మళ్లీ ఇదే అంటాను. అయినా మిక్స్ మీద నాకూ అసంతృప్తి ఉంది. బేసూ కీబోర్డులూ ఒకే ఎత్తులో గోడలా నిలబడ్డాయి, డ్రమ్ము దెబ్బకి అంచు పోయింది. డిసింటిగ్రేషన్‌లో సింథ్ వెనక చాలా చోటు ఉంటుంది, గిటార్ ఒక్కో స్వరం విడిగా మెరుస్తుంది. ఇక్కడ ఆ చోటు లేదు.

అయినా వదలొద్దు. "అలోన్"లో గొంతు రావడానికే మూడు నిమిషాలు దాటుతుంది, ఆఖరి "ఎండ్‌సాంగ్" పది నిమిషాల పైనే. వాల్యూమ్ రెండు మెట్లు తగ్గించి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినండి. తక్కువ వాల్యూమ్‌లో ఆ గోడ కరిగి లోపలి పియానో బయటికొస్తుంది.

పటమట_పాప్
"ఎండ్‌సాంగ్" మంగళగిరిలో మొదలుపెడితే కాజ టోల్‌గేట్ దగ్గర గొంతు వస్తుంది 😄

కృష్ణలంక_క్యూర్
లెక్క సరిగ్గానే ఉంది. ఆ పాట బలం కూడా అక్కడే ఉంది. స్ట్రీమింగ్‌లో 30 సెకన్లు దాటితేనే ఒక ప్లే కింద లెక్క కాబట్టి ఇప్పటి పాప్‌లో హుక్కుని (వెంటనే పట్టేసే ముక్కని) మొదటి అర నిమిషంలోకే తోస్తున్నారు. ఆ ఒత్తిడిని ఖాతరు చెయ్యకుండా ఆరు నిమిషాలు వాయిద్యాలే మోగించడం చిన్న ధైర్యం కాదు. ఆ ఆల్బం బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, 1992లో విష్ తర్వాత వాళ్లకి అదే మొదటిసారి.

బ్రోడీపేట_బీ‌సైడ్
రొమాన్స్ మీద ఎవరూ మాట్లాడట్లేదేంటి? ఫాంటెయిన్స్ మొదటి మూడు ఆల్బంలు డాన్ కేరీ ప్రొడ్యూస్ చేశాడు. బ్యాండంతా ఒక గదిలో నిలబడి వాయించినట్టు ఉంటాయి, గరుగ్గా, చెమట వాసనతో. 2024 ఆగస్టులో వచ్చిన రొమాన్స్‌కి జేమ్స్ ఫోర్డ్‌ని తెచ్చుకున్నారు. దాంతో బ్యాండ్ నున్నగా తయారైంది. కోరస్ వచ్చినప్పుడల్లా వెనక స్ట్రింగ్స్, మెలోట్రాన్ (పాతకాలం కీబోర్డు) లేచి నిలబడతాయి. పాత అభిమానిగా నాకు ఇది నచ్చలేదు. నున్నదనం నేర్చుకున్నారు, మొరటుదనం పోగొట్టుకున్నారు.

ఆరండల్‌పేట_ఆల్ట్
జేమ్స్ ఫోర్డ్ మీద వెయ్యకండి బాబాయ్. అదే మనిషి గాయని బెత్ గిబ్బన్స్‌తో కలిసి లైవ్స్ అవుట్‌గ్రోన్ చేశాడు, 2024 మే. దానికంటే నున్నదనానికి దూరంగా ఉన్న రికార్డు ఆ ఏడాది నాకు కనపడలేదు. స్నేర్ (చెళ్లుమనే డ్రమ్ము) చప్పుడే వద్దనుకున్నారు. టాక్ టాక్ బ్యాండ్ డ్రమ్మర్ లీ హారిస్ పెట్టెలూ డబ్బాలూ వాయించాడు. ఆ దరువు చెవిలో గుచ్చుకోదు, కింద నుంచి మెల్లగా మోగుతుంది. గొంతు చుట్టూ గాలి ఉంటుంది. తర్వాత పల్ప్ బ్యాండ్ ఆల్బం మోర్, 2025 జూన్. 2001 తర్వాత వాళ్ల మొదటి ఆల్బం, అదీ ఫోర్డే. అందులో గాయకుడు జార్విస్ కాకర్ గొంతుని ముందు కుర్చీలో కూర్చోబెట్టి బ్యాండుని వెనక్కి జరిపాడు. మూడు రికార్డులకీ ఒకే చెయ్యి, మూడూ మూడు రకాలు. రొమాన్స్ అలా నిండుగా ఉందంటే ఆ బ్యాండ్ అలా అడిగింది. "స్టార్‌బర్స్టర్"లో కోరస్ మధ్య ఎగశ్వాస చప్పుడు వినండి. ఆ ఒక్క ఊపిరి కోసం చుట్టూ అంత ఇరుకు కావాలి.

బ్రోడీపేట_బీ‌సైడ్
"స్టార్‌బర్స్టర్" వరకూ ఒప్పుకుంటా. మిగతా ఆల్బం మీద నా మాట మార్చను. డాన్ కేరీ చెయ్యి పడితే ఏమవుతుందో వెట్ లెగ్ బ్యాండ్ ఆల్బం మాయిశ్చరైజర్ విని చూడండి, 2025 జులై. రెండు గిటార్లు, బేసు, డ్రమ్ము, గొంతు. ఏది ఎక్కడుందో కళ్లు మూసుకుని వేలు పెట్టి చూపించొచ్చు.

బెసెంట్‌రోడ్_బేస్
నార్మలైజేషన్ "లౌడ్"లో ఉంది, షఫుల్ ఎప్పుడూ ఆన్. రెండూ మార్చాను. ఇంట్లో తేడా బాగానే తెలుస్తోంది, బస్సులో పెద్దగా లేదు. బస్సుకి ఏం చెయ్యాలి?

మంగళగిరి_మిక్స్
బస్సులో ఇంజను రొద అంతా కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. అది పాటలో బేసుని మింగేస్తుంది. బేసు కోసం మీరు వాల్యూమ్ పెంచుతారు, బేసుతో పాటు 2 నుంచి 5 కిలోహెర్ట్జ్ భాగం కూడా పెరుగుతుంది. చెవి ఎక్కువ గుర్తుపట్టేదీ, తొందరగా అలిసేదీ అక్కడే. గొంతులో పదును, స్నేర్ చెళ్లుమనడం ఎక్కువగా అక్కడే ఉంటాయి.

కాబట్టి వాల్యూమ్‌తో కుస్తీ వద్దు, రొదని ఆపండి. ముందు బడ్స్ టిప్పులు. డబ్బాలో మూడు సైజులు ఇస్తారు, చాలామంది మధ్యది పెట్టుకుని మిగతావి పారేస్తారు. పెద్దది ఒకసారి పెట్టి చూడండి. దవడ ఆడించినా బేసు మారకపోతే సీలు సరిగ్గా కూర్చున్నట్టు. రెండు చెవులకి రెండు సైజులు పట్టడం మామూలే. ఫోమ్ టిప్పులు ఇంకా బాగా మూస్తాయి, కానీ మన ఎండాకాలం చెమటకి త్వరగా పాడవుతాయి. తర్వాత నాయిస్ క్యాన్సిలింగ్. అది పనిచేసేది ఇంజను గుమ్ముకే, పక్కసీటు ఫోన్ మాటలకి అంతగా కాదు.

ఇంకా గుచ్చుకుంటే ఈక్వలైజర్‌లో 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2 డీబీ తగ్గించండి. బేసు పెంచొద్దు, తగ్గించడంతోనే పని జరగాలి. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్‌లో చాలా మోడళ్లకి రెడీమేడ్ సర్దుబాట్లు ఉన్నాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క గుర్తుంచుకోండి. 80 డీబీ అయితే వారానికి 40 గంటలు, 90 అయితే 4 గంటలే. రోజూ బస్సులో ఫుల్ వాల్యూమ్ పెట్టేవాళ్లకి ఆ 4 గంటలు ఎంతలో అయిపోతాయో చూసుకోండి.

స్టైలస్_లక్ష్మీపురం
బ్లూటూత్‌లో ఎల్‌డీఏసీ (ఎక్కువ డేటా పంపే పద్ధతి) ఉంటే 990 కేబీపీఎస్ పెట్టుకుని బస్సెక్కకండి. జనం మధ్య 2.4 గిగాహెర్ట్జ్ గాలి కిక్కిరిసి ఉంటుంది, పాట తెగుతుంది. 660 స్థిరంగా నడుస్తుంది. స్పాటిఫై లాస్‌లెస్ (ఏ వివరమూ పోని నాణ్యత) తీసుకుని బ్లూటూత్ మీద వినడం డబ్బు దండగ. సీడీ నాణ్యతకే 1,411 కేబీపీఎస్, ఎల్‌డీఏసీ గరిష్ఠం 990. దార్లో మళ్లీ కుదించాల్సిందే. లాస్‌లెస్ కావాలంటే టైప్‌సీ డ్యాక్ (డిజిటల్ పాటని శబ్దంగా మార్చే చిన్న పరికరం), వైరు ఇయర్‌ఫోన్.

గవర్నర్‌పేట_గీతం
యాపిల్ మ్యూజిక్‌లో డాల్బీ అట్మాస్ (శబ్దం చుట్టూ వినపడేలా చేసిన మిక్స్) వెర్షన్ వినమని ఎవరూ చెప్పలేదు. అట్మాస్ మిక్సులు మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ దాటకూడదని నియమం ఉంది. అంటే నొక్కడానికి అవకాశమే తక్కువ. బిల్లీ ఐలిష్ హిట్ మి హార్డ్ అండ్ సాఫ్ట్ అట్మాస్‌లో వింటే స్ట్రింగ్స్ తల చుట్టూ తేలుతాయి.

మంగళగిరి_మిక్స్
నియమం నిజమే. కానీ మొదటిసారి వినేవాళ్లకి నేను అట్మాస్ చెప్పను. ఇయర్‌ఫోన్లో అది రెండు చెవులకి మళ్లీ కుదించిన రూపమే. గొంతు ఒక అడుగు దూరం జరుగుతుంది, కిక్కు పట్టు సడలుతుంది. చాలా ఆల్బంలకి స్టీరియో మిక్స్ తేల్చాకే అట్మాస్ చేస్తారు, కొన్నిసార్లు వేరే ఇంజనీరు. బిల్లీ అన్న, ప్రొడ్యూసర్ ఫినియాస్ ఆ ఆల్బంలో బిల్లీ గొంతుని పెదవుల దగ్గర మైకు పెట్టినంత దగ్గరగా ఉంచాడు. ఆ దగ్గరితనం స్టీరియోలోనే ఉంది. సెట్టింగ్స్‌లో డాల్బీ అట్మాస్ ఆఫ్ చేసి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి వినండి. అట్మాస్ మట్టం తక్కువ కాబట్టి వాల్యూమ్ సరిసమానం చేసుకునే పోల్చాలి.

గవర్నర్‌పేట_గీతం
గొంతు దూరం జరుగుతుందన్నది ఒప్పుకుంటా. స్ట్రింగ్స్ విషయంలో మాత్రం నాకు అట్మాసే.

ఆ ఆల్బం గురించి ఇంకో మాట. ముందుగా ఒక్క సింగిల్ కూడా వదల్లేదు, 2024 మే 17న పది పాటలూ ఒకేసారి. 43 నిమిషాల పైచిలుకు, విజయవాడ నుంచి గుంటూరు ప్రయాణానికి చక్కగా సరిపోతుంది. "లామూర్ ద మా వీ" తాపీగా జాజ్ పోకడలో మొదలై, సగం దాటాక ఉన్నట్టుండి పరుగెత్తే సింథ్‌పాప్ అయిపోతుంది. ముందున్నది నెమ్మదిగా ఉండబట్టే ఆ మలుపు కొడుతుంది. పాటల్ని ఒకే మట్టానికి తెచ్చే ప్లేలిస్టులో అది సగం కూడా తగలదు.

నాజ్‌సెంటర్_నైన్టీస్
మీరంతా మాస్టరింగ్ అంటున్నారు, నాకైతే నిడివే జబ్బు. టేలర్ స్విఫ్ట్ ద టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్ 16 పాటలు వదిలి, రెండు గంటలు తిరగ్గానే 31 పాటల ఆంథాలజీ చేసింది. మొత్తం రెండు గంటల పైన. ఏ చెవి తట్టుకుంటుంది?

పటమట_పాప్
అందుకేగా 2025 అక్టోబరులో తర్వాతి ఆల్బం ద లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్‌ని 12 పాటలకి దించింది. ప్రొడ్యూసర్లు మ్యాక్స్ మార్టిన్, షెల్‌బ్యాక్ ఇద్దరితోనే స్వీడన్‌లో చేసింది. నలభై రెండు నిమిషాల్లోపు. డ్రమ్ములు పొడిగా ఉన్నాయి, రివర్బ్ (ప్రతిధ్వని) తక్కువ, ఏ పాట బేసు దానికి విడిగా వినపడుతుంది. సాహిత్యం మీద గొడవ పెట్టుకోండి, నేనూ వస్తా. కానీ శబ్దం మటుకు శుభ్రంగా ఉంది.

నాజ్‌సెంటర్_నైన్టీస్
సాహిత్యం మీదే నా గొడవ. టార్చర్డ్ పోయెట్స్‌లో నిడివి ఎక్కువైనా మాటల్లో పట్టుంది. షోగర్ల్‌లో ట్యూను ముందు పుట్టి మాటలు దానికి సర్దుకున్నట్టు ఉంటాయి.

ఆరండల్‌పేట_ఆల్ట్
@బెసెంట్‌రోడ్_బేస్ మీ లిస్టుకి రెండు చేర్చుకోండి.

ఒకటి గీస్ బ్యాండ్ ఆల్బం గెటింగ్ కిల్డ్, 2025 సెప్టెంబరు. రాప్ బీట్లు చేసే కెన్నీ బీట్స్ ప్రొడ్యూస్ చేశాడు. చప్పుడు చాలానే ఉంటుంది, గొంతు శ్రుతి అంచున తూలుతూ నడుస్తుంది, అయినా అలవదు. డ్రమ్ములు గిటార్లని కప్పెయ్యవు కాబట్టి. బ్యాండ్ మొత్తం కలిసి పెరుగుతుంది, కలిసి ఆగుతుంది.

రెండోది గాయని రొసాలియా ఆల్బం లక్స్, 2025 నవంబరు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, పదమూడు భాషల పాట. పాప్ పేరుతో వచ్చిన రికార్డుల్లో నెమ్మదికీ గట్టికీ మధ్య ఇంత దూరం ఉన్నది ఈ రెండేళ్లలో నేను వినలేదు. "బెర్గ్‌హైన్" మొదట్లో స్ట్రింగ్స్ దూకుడు, జర్మన్ కోరస్, ఆ తర్వాత ఆమె ఒంటరి గొంతు. దీన్ని బస్సులో పెట్టొద్దు. నెమ్మది భాగాలు ఇంజనులో కలిసిపోతాయి, వాల్యూమ్ పెంచితే ఆర్కెస్ట్రా వచ్చి చెంప పగలగొడుతుంది. రాత్రి, ఇంట్లో, ఫ్యాన్ ఒక నంబరు తగ్గించి. స్ట్రీమింగ్‌కి వచ్చినప్పుడు 15 పాటలే, సీడీ, వినైల్‌లో 18.

గాంధీహిల్_గిటార్
మన దేశం నుంచి ఏమైనా? ఇంగ్లిష్‌లోనైనా పర్లేదు.

ఆరండల్‌పేట_ఆల్ట్
ఢిల్లీ బ్యాండ్ పీటర్ క్యాట్ రికార్డింగ్ కో., ఆల్బం బీటా. 2024 ఆగస్టు. ట్రంపెట్, పాతకాలం క్రూనర్ (మెత్తగా పాడే) గొంతు, కింద డిస్కో బేసు. మిక్స్ వెచ్చగా ఉంటుంది, ఏదీ గుచ్చుకోదు. బస్సుకీ గదికీ రెండింటికీ పనికొస్తుంది.

బెసెంట్‌రోడ్_బేస్
లక్స్ 18 పాటలూ కావాలి. వినైల్ తీసుకోనా, సీడీయా? వినైల్‌కి డైనమిక్స్ (నెమ్మదికీ గట్టికీ మధ్య దూరం) ఎక్కువ అంటారుగా.

స్టైలస్_లక్ష్మీపురం
ఆ మాట చాలాసార్లు భ్రమే. వినైల్ రిప్ (కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీ) మీద డైనమిక్స్ కొలిచే డీఆర్ మీటరు పెడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, నిజమే. కానీ రికార్డు కటింగులోనూ కార్ట్రిడ్జి (సూది ఉండే భాగం)లోనూ శబ్ద తరంగాల ఫేజు మారి పీకులు (శిఖరాలు) పైకి లేస్తాయి, అందుకే ఆ అంకె. చాలా కొత్త ఆల్బంలకి డిజిటల్ మాస్టరునే వినైల్ కటింగుకి పంపుతారు. వేరే మాస్టర్ చేశారని స్లీవ్ మీద ఉంటే అది వేరు సంగతి.

నిడివి చూడండి. 33⅓ స్పీడులో ఒక వైపు 20 నిమిషాలు హాయిగా పడతాయి. క్యూర్ 49 నిమిషాలని ఒకే డిస్కు మీద పెడితే వైపుకి 25 దాకా వస్తుంది, లెవెల్, బేసు తగ్గించి కట్ చెయ్యాల్సిందే. లోపలి గాడుల్లో "స" చీలిపోవడం కూడా అక్కడే మొదలు.

ప్లేయర్ సంగతి. సూట్‌కేసు రకం వద్దు, సూది మరీ బరువుగా దిగుతుంది. ఆడియో టెక్నికా వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జికి 2 గ్రాములు, చిన్న తూకం పెట్టి సరిచూడండి. గుమ్మ్ అని 50 హెర్ట్జ్ రొద వస్తే ఎర్తు వైరు ప్రీయాంప్ స్క్రూకి బిగించారో లేదో చూడండి, తర్వాత గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

ఇక బెజవాడ ఎండ. రికార్డు పీవీసీ. 60 డిగ్రీల దగ్గరికొస్తే మెత్తబడుతుంది, మీద బరువుంటే ఇంకా ముందే ఒంగుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో కొత్త రికార్డు వదిలితే ఆ రోజుతో సరి. నిలువుగా పెట్టండి, పడమటి గోడకి ఆనించొద్దు. వానల్లో బూజు పడితే బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ 4 పాళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 1 పాలు, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంటే తుడవండి, లేబుల్ తడవకూడదు. ఇంట్లో పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డులుంటే వాటికి ఆల్కహాల్ తగలనివ్వద్దు, కరిగిపోతాయి.

ఇంత ఓపిక లేకపోతే లక్స్‌కి సీడీయే తీసుకోండి. ఆర్కెస్ట్రా నెమ్మది భాగాల్లో చిటపటలు ఉండవు.

పటమట_పాప్
సీడీ అంటే గుర్తొచ్చింది. గాయని లార్డ్ ఆల్బం "వర్జిన్" సీడీ కొనేవాళ్లు చూసుకోండి, పారదర్శకమైన డిస్కుగా వచ్చింది. కార్లలో, కొన్ని ప్లేయర్లలో చదవట్లేదని కొన్నవాళ్లు చాలామంది ఫిర్యాదు చేశారు. సీడీ చదవాలంటే లేజర్ వెనక మెరిసే పొర నుంచి తిరిగి రావాలి, ఇందులో తిరిగొచ్చే కాంతి తక్కువ.

బెసెంట్‌రోడ్_బేస్
లక్స్ సీడీ ఖాయం. క్యూర్ వాల్యూమ్ తగ్గించి విన్నా, పియానో నిజంగానే బయటికొచ్చింది. మేహెమ్ మాత్రం అన్నీ మార్చాక కూడా మొదటి సగం మోతే. రెండో సగంలో ఫంక్, డిస్కో వచ్చాక కుదుటపడుతోంది.

మంగళగిరి_మిక్స్
అయితే అది రికార్డు తప్పే. మొదటి నాలుగూ ఒకే రకం కిక్కు, ఒకే రకం డిస్టార్షన్ బేసు. యూట్యూబ్‌లో మొదటి పాట అంకె, ఎనిమిదో పాట అంకె చూసి ఇక్కడ పెట్టండి. రెండూ దగ్గరగా ఉంటే సమస్య అరేంజ్‌మెంటులో ఉంది, మాస్టరింగులో కాదు.